పూలూ వంటా ఒకే కాగితం మీద: ఒక 50వ పెళ్ళిరోజు కేస్ స్టడీ

నేను ఫంక్షన్లకి డెకరేషన్, ఫుడ్ రెండూ కలిపి డిజైన్ చేస్తా. చాలాచోట్ల ఇవి రెండూ వేరే వేరే మనుషుల చేతుల్లో ఉంటాయి, డెకరేషన్ వాళ్ళు మధ్యాహ్నమే వచ్చి అన్నీ కట్టేసి ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు, క్యాటరింగ్ వాళ్ళు సాయంత్రం వచ్చి మిగిలిన చోట్లో గిన్నెలు పెట్టుకుంటారు. ఈ కేసులో నేను రెండూ నా చేతిలోనే ఉన్నా కూడా మొదట అదే తప్పు చేశా, అంటే రెండు వేరే కాగితాల మీద గీశా. అది ఎక్కడ బయటపడింది, ఎలా సరిచేశాం, అయినా ఫంక్షన్ రోజు ఏం తప్పింది అన్నది ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఉపయోగపడుతుందని రాస్తున్నా. కుటుంబం సరే అన్నాకే రాస్తున్నా, వాళ్ళని గుర్తుపట్టే వివరాలు తీసేశా.

ఎవరు, ఏం ఫంక్షన్

అమ్మానాన్నల 50వ పెళ్ళిరోజు. చేసేది పిల్లలు ముగ్గురూ కలిసి, పెద్దమ్మాయి, అబ్బాయి, చిన్నమ్మాయి. పిలుపులు 220 మందికి. వాళ్ళలో దాదాపు 70 మంది అరవై అయిదు దాటినవాళ్ళు, చిన్నపిల్లలు ఒక 30 మంది. ఒక హాలు, దాని పక్కనే తలుపు తీస్తే లాన్. సాయంత్రం 6కి మొదలు, రాత్రి 10కి హాలు ఖాళీ చేసి ఇవ్వాలి.

వాళ్ళు నా దగ్గరికి వచ్చింది ఒక బాధతో. ఆర్నెల్ల క్రితం వాళ్ళ ఇంట్లోనే ఇంకో ఫంక్షన్ అయిందట, డెకరేషన్ అద్భుతంగా ఉంది, ఫొటోలు చూపించారు, నిజంగానే బాగుంది. కానీ భోజనాల దగ్గర ఒకే లైను, అది కదలదు, పెద్దవాళ్ళు నిలబడలేక కొంతమంది వెళ్ళిపోయారు. పెద్దమ్మాయి అంది, "ఫొటోలు ఇప్పటికీ చూసుకుంటామండీ, కానీ మా పెదనాన్నగారు తినకుండా వెళ్ళిపోయారన్నది మాత్రం ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు" అని.

అయినా ఆ అమ్మాయికి స్టైల్ కావాలి, ఫోన్‌లో ఒక అరవై ఫొటోలు దాచుకుంది. తమ్ముడేమో "పూలకి పెట్టేదాంట్లో సగం తీసి ఫుడ్‌కి పెట్టక్కా" అంటాడు. మొదటి మీటింగ్ మొత్తం ఈ గొడవే. ఇద్దరూ డబ్బు గురించి వాదించుకుంటున్నారు గానీ పోయినసారి సమస్య డబ్బు తక్కువై రాలేదు, జనం ఎటునుంచి ఎటు నడుస్తారో ఎవరూ గీసి చూసుకోకపోవడం వల్ల వచ్చింది, అదే వాళ్ళకి చెప్పా.

తర్వాత పెద్దవాళ్ళిద్దరితో విడిగా మాట్లాడా. ఇది నేను ఎప్పుడూ వదలను, ఎందుకంటే పిల్లలు చేసే ఫంక్షన్లలో అసలు ఎవరికోసమో వాళ్ళని అడగడమే మర్చిపోతారు. ఆయన ఒక్కటే అన్నారు, "అందరూ కూర్చుని తినాలమ్మా" అని. ఆవిడ, "ఘాటు వాసన పూలు మాత్రం పెట్టకమ్మా, నాకు దగ్గొస్తుంది" అన్నారు. ఈ రెండు మాటలూ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నా. రాసుకున్నానే గానీ మొదటి ప్లాన్‌లో మొదటి మాటని సరిగ్గా పట్టించుకోలేదు.

మొదటి ప్లాన్

రంగులు వంకాయ రంగు, లేత పింక్. గోడలకి, పైకప్పుకి అదే రంగు లైట్లు. ఒక పక్క గోడ పొడవునా 24 అడుగుల ఫుడ్ కౌంటర్, దాని మీదుగా పూల ఆర్చ్, లోపల వేలాడే హైడ్రేంజియాలు, అంటే పెద్ద గుత్తులుగా ఉండే పూలు. ప్రతి టేబుల్ మీద 45 సెంటీమీటర్ల ఎత్తు పూల అమరిక. మెనూలో 22 ఐటమ్స్. కాగితం మీద చాలా అందంగా వచ్చింది, పెద్దమ్మాయి చూడగానే ఓకే అంది.

ఫంక్షన్‌కి మూడు వారాల ముందు అదే హాల్లో మాకప్, అంటే చిన్న నమూనా, పెట్టా. ఒక టేబుల్, కౌంటర్‌లో ఒక ముక్క, ఆ లైట్లు, మూడు వంటకాలు, అది కూడా పగలు కాదు, ఫంక్షన్ జరిగే టైంలోనే. మాకప్‌కి ఖర్చవుతుంది, చాలామంది ఫొటో చూసి సరిపెట్టుకుంటారు, కానీ ఫోన్ కెమెరా రంగుల్ని తనంతట తనే సరిచేసి చూపిస్తుంది, కంటికి కనపడేది వేరేగా ఉండొచ్చు. అందుకే నేను ఫొటోని నమ్మను.

మాకప్‌లో తేలినవి ఒక్కొక్కటి చెప్తా.

మొదటిది లైటు. ఆ పింక్-వంకాయ లైట్ కింద ఆకుకూరల సలాడ్ నల్లగా గోధుమరంగులోకి తిరిగిపోయింది, అన్నం పింక్‌గా ఉంది, గ్రేవీ చూస్తే బురదలా ఉంది. అబ్బాయి ప్లేట్ చేతిలో పట్టుకుని అక్కవైపు చూశాడు, ఏమీ అనలేదు. ఇందులో వంట మాస్టర్ తప్పేమీ లేదు. ఆకు పచ్చగా కనపడాలంటే దాని మీద పడే వెలుతురులో పచ్చ ఉండాలి, పింక్ లైట్‌లో అది దాదాపు ఉండదు కాబట్టి ఆకు తిరిగి పంపడానికి ఏమీ మిగలదు. సరే అని లైటింగ్ అతను తెల్ల ఎల్‌ఈడీ వేశాడు. పచ్చ బాగానే వచ్చింది గానీ టమాటా మాత్రం పాలిపోయినట్టే ఉంది. ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. లైట్లకి సీఆర్ఐ అని ఒక నంబర్ ఇస్తారు, రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పడానికి, 100 అయితే పూర్తి నిజం. కానీ ఆ నంబర్ 8 లేత రంగుల సగటు, ముదురు ఎరుపు దాంట్లో లేదు, దానికి ఆర్9 అని వేరే విలువ ఉంటుంది. అందుకే సీఆర్ఐ 80 అని రాసి ఉన్న లైట్ కింద కూడా ఎరుపు చచ్చిపోయి ఉండొచ్చు. ఫుడ్‌లో ఆకలి పుట్టించేది ఎక్కువగా ఎరుపూ గోధుమరంగే, మనుషుల ముఖాల్లో కళ కూడా ఎరుపే. కాబట్టి ఫుడ్ మీద, టేబుళ్ళ మీద 3000 కెల్విన్ వెచ్చటి తెలుపు, సీఆర్ఐ 90 పైన, ఆర్9 ఎంతో విడిగా అడిగి తీసుకుందాం, రంగు లైట్లు గోడలకీ స్టేజ్ వెనక్కీ మాత్రమే అని తేల్చా. పెద్దమ్మాయికి రంగు పోలేదు, తమ్ముడికి ప్లేట్ బాగుంది.

రెండోది ఎత్తు. అక్కాతమ్ముళ్ళిద్దర్నీ టేబుల్‌కి ఎదురెదురుగా కూర్చోబెట్టా, పూల వెనక ఒకళ్ళకొకళ్ళు కనపడలేదు. 45 సెంటీమీటర్లు సరిగ్గా ముఖానికి అడ్డం వచ్చే ఎత్తు. 30 లోపు ఉండాలి, లేదంటే సన్నటి కాడ మీద 60 పైన ఉండాలి, మధ్యలో ఉన్నదంతా మాటలకి అడ్డమే. మేం 25కి దించేశాం.

మూడోది ఆర్చ్, ఇదే అసలుది. ఆర్చ్ కోసం కౌంటర్‌ని గోడకి ఆనించాం కాబట్టి జనం ఒకవైపు నుంచే వడ్డించుకోగలరు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మా టీం వాళ్ళనే వడ్డించుకోమన్నా. లైన్‌లో అన్ని గిన్నెల దగ్గరా ఒకే టైం పట్టదు, ఏదో ఒక గిన్నె దగ్గర ఎక్కువ పడుతుంది, లైన్ మొత్తం ఆ గిన్నె వేగంతోనే కదులుతుంది. మాకు అది 20 సెకన్లు వచ్చింది. అంటే నిమిషానికి ముగ్గురు, 220 మందికి 73 నిమిషాలు. పోయినసారి పెదనాన్నగారు ఎందుకు వెళ్ళిపోయారో అక్కడ నిలబడే అర్థమైంది, ఇంకోసారి అదే జరగడానికి నేనే అందంగా ఏర్పాటు చేస్తున్నా అనిపించి చాలా బాధేసింది.

ఇక పూలు. చాఫింగ్ డిష్, అంటే కింద బర్నర్‌తో ఫుడ్‌ని వేడిగా ఉంచే గిన్నె, దాని మూత తీసిన ప్రతిసారీ ఆవిరి నేరుగా పైన వేలాడే హైడ్రేంజియాలకి తగిలింది, అవి మామూలుగానే నీళ్ళు లేకపోతే నిలబడవు, గంటన్నరలో వాలిపోయాయి. ఒకటి రెండు రేకులు గిన్నెలో పడ్డాయి, ఇది అందం విషయం కాదు, హైడ్రేంజియా తినకూడని పువ్వు, పైగా డెకరేషన్ పూల మీద మందులు కొట్టి ఉంటారు. అలాగే కార్నేషన్లు తెచ్చినప్పటికే రేకులు లోపలికి ముడుచుకుని నిద్రపోతున్నట్టు ఉన్నాయి. ఆరా తీస్తే ముందు రోజు రాత్రి వాటిని యాపిల్స్, అరటిపళ్ళతో పాటు ఒకే కోల్డ్ రూంలో పెట్టారట. పండే పళ్ళ నుంచి ఎథిలీన్ అనే గ్యాస్ వస్తుంది, కార్నేషన్లకి అది పడదు, సరిగ్గా అలాగే ముడుచుకుంటాయి. పూలవాళ్ళని తిట్టడం అప్పటికే మొదలైంది, వాళ్ళ తప్పు కాదని చెప్పా. పూలూ పళ్ళూ వేరే వేరే లిస్టుల్లో ఉన్నాయి కాబట్టి రెండూ ఒకే గదిలోకి వెళ్తున్నాయని ఎవరికీ కనపడలేదు.

మళ్ళీ గీసిన ప్లాన్

ఆ రాత్రి ఇంటికొచ్చి పెద్ద చార్ట్ పేపర్ తీసుకుని హాలు గీసి, దాని మీదే పూలు, లైట్లు, గిన్నెలు, మనుషులు నడిచే దారి అన్నీ వేశా. కింద అరగంటకో గడి పెట్టి టైం రాశా. సాయంత్రం 6కి ఎలా కనపడుతుందన్నది అందరూ చూస్తారు, నేను ఈసారి 8:15 దగ్గర మొదలుపెట్టా, అంటే ఒక మనిషి ప్లేట్ తీసుకునే క్షణం, అక్కడినుంచి వెనక్కి గీసుకుంటూ వచ్చా.

ఆర్చ్ తీసేశా. పూలన్నీ రెండే చోట్ల, గుమ్మం దగ్గర, దంపతుల కుర్చీల వెనక. అన్నిచోట్లా కొంచెం కొంచెం చల్లితే ఎక్కడా నిండుగా ఉండదు, రెండు చోట్ల గట్టిగా పెడితే హాలంతా పూలున్నట్టే గుర్తుంటుంది. లిల్లీలు అసలు వద్దన్నా, ఆవిడ దగ్గు గుర్తుంది కాబట్టి, టేబుళ్ళ మీద కొవ్వొత్తులు కూడా వాసన లేనివే. పూల ఖర్చు దాదాపు సగానికి తగ్గింది, ఆ మిగిలింది లైట్లకీ వడ్డించే మనుషులకీ వెళ్ళింది.

ఫుడ్ కౌంటర్లు రెండు, గోడకి దూరంగా, రెండువైపుల నుంచీ వడ్డించుకునేలా, అంటే నాలుగు లైన్లు. పెద్దవాళ్ళు 70 మందికి కూర్చున్నచోటే వడ్డన, అప్పుడు లైన్‌లోకి వచ్చేది 150 మంది, నిమిషానికి 12 మంది చొప్పున 13 నిమిషాల్లోపు అయిపోతుంది. ప్లేట్లు లైన్ మొదట్లో, స్పూన్లు నాప్కిన్లు చివర్లో, ఎందుకంటే మొదట్లోనే ఇస్తే ఒక చెయ్యి వాటికే సరిపోయి వడ్డించుకోవడం ఆలస్యమవుతుంది. మంచినీళ్ళు వేరే మూల, నీళ్ళకోసం వచ్చేవాళ్ళు లైన్‌ని అడ్డంగా దాటకుండా. కౌంటర్ మీద పువ్వు ఒక్కటి కూడా లేదు, సాదా గుడ్డ, చెక్క పెట్టెలతో మెట్లు, ఆ మెట్ల మీద గిన్నెలు. రంగు ఫుడ్‌దే ఉండాలని.

మెనూ 22 నుంచి 13కి తగ్గించడం దగ్గర అబ్బాయి పట్టుబట్టాడు. "ఐటమ్స్ తగ్గిస్తే మేం తగ్గించి చేసినట్టు అనుకుంటారండీ" అన్నాడు, అది చిన్న మాట కాదు, ఇంటి పరువు అందులో ఉంది. వంట మాస్టర్‌ని కూడా కూర్చోబెట్టి మాట్లాడాం. ఆయన చెప్పింది ఏంటంటే 22 చేస్తే ఒక్కోటీ కొంచెం కొంచెమే చేస్తాం, తక్కువ మొత్తం తొందరగా చల్లారిపోతుంది, చివరికొచ్చేసరికి సగం గిన్నెలు దాదాపు ఖాళీ అయి ఉంటాయి. దానికి తోడు ప్రతి గిన్నె దగ్గరా మనిషి ఆగి ఆలోచిస్తాడు. ఆ తొమ్మిదిట్లో మూడింటిని తీసుకుని, వచ్చినవాళ్ళు కూర్చోగానే చేతికి అందించే చిరుతిళ్ళుగా మార్చాం, వచ్చిన 15 నిమిషాల్లో ప్రతి మనిషి నోట్లో ఏదో ఒకటి పడాలన్నది నా లెక్క. అబ్బాయి అప్పుడు ఒప్పుకున్నాడు.

పెద్దవాళ్ళ టేబుళ్ళు 9, అయిదడుగుల రౌండ్ టేబుల్‌కి 10 మందిని కూర్చోబెట్టొచ్చు గానీ మోచేతులు తగులుతాయి, 8 అయితే హాయి. టేబుల్‌కీ టేబుల్‌కీ మధ్య మీటరున్నర, కుర్చీలు వెనక్కి జరిగినా వడ్డించే మనిషి, కర్ర పట్టుకున్న మనిషి పోయేలా. వైర్లు ఒక్కటి కూడా నడిచే దారిలో లేకుండా చూశాం, కార్పెట్ అంచులన్నీ టేప్ వేసి అంటించాం.

టేబుల్ మీద పూలు తగ్గాక ఖాళీగా ఉంటుందేమో అని పెద్దమ్మాయి భయపడింది. అప్పుడు పాత ఫొటోలు అడిగా. 50 ఏళ్ళ ఫొటోలు, టేబుల్‌కి ఒకటి. బ్లాక్ అండ్ వైట్‌వీ రంగువీ కలిస్తే థీమ్ పోతుందని సందేహపడింది, నిజమే, అందుకే కాపీలు తీయించి అన్నిట్నీ ఒకే గోధుమ ఛాయలో ప్రింట్ చేయించాం, అసలువి ఇంట్లోనే ఉంచాం.

ఆ రోజు తప్పినవి

ప్లాన్ ప్రకారం 8:15కి భోజనాలు. కుటుంబసభ్యులు మాట్లాడటం 8కి అయిపోవాలి, 8:40 దాకా సాగింది. నాకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు, 50 ఏళ్ళ కాపురం గురించి పిల్లలు మాట్లాడుతుంటే ఆపమనే హక్కు ఎవరికీ లేదు. తప్పు నాది. వేపుళ్ళు 8:05కి మొదలుపెట్టమని గడియారం చూసి చెప్పా, వాళ్ళు చేశారు, చాఫింగ్ డిష్‌లో పెట్టి మూతేశారు. వేడి వేపుడు మీద మూతేస్తే దాన్నుంచి వచ్చే ఆవిరి మూతకి తగిలి నీళ్ళయి మళ్ళీ దాని మీదే పడుతుంది, అరగంటలో మెత్తబడిపోయింది. ఆ గిన్నెలు పక్కన పెట్టించి, చివరి మనిషి మైక్ అందుకున్నప్పుడు రెండో వాయి మొదలుపెట్టించా, నూనె వేడిగానే ఉంది కాబట్టి అందింది. ఇప్పుడు నేను వేపుళ్ళకి టైం రాయను, "చివరి మనిషి మైక్ తీసుకున్నాక" అని రాస్తా, స్టేజ్ దగ్గర ఒక మనిషి ఫోన్ పట్టుకుని నిలబడతాడు, వంటింట్లో ఇంకొకడు.

లాన్‌లో పెట్టిన వేడి స్వీట్ ఇంకో సంగతి. గాలికి బర్నర్లు ఆరిపోతున్నాయి, వెలిగిస్తే మళ్ళీ ఆరిపోతున్నాయి. థర్మామీటర్ పెడితే 52 డిగ్రీలు. వండిన వేడి పదార్థాన్ని 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉంచాలని, మామూలు గది వేడిలో 2 గంటలకి మించి వదలొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. బయట పెట్టి అప్పటికి అరగంటే అయింది కాబట్టి పారెయ్యక్కర్లేదు, లోపలికి తెప్పించి బాగా పొగలొచ్చేదాకా మళ్ళీ వేడి చేయించి, అక్కడినుంచి చిన్న చిన్న గిన్నెల్లో పంపించాం. లాన్‌లో ఐస్‌క్రీమ్, కోసిన పళ్ళు మాత్రం ఉంచాం, అవి ఐస్ మీద 5 డిగ్రీల లోపు. పిల్లలు ఎటూ అక్కడే ఉన్నారు.

అన్నిటికంటే నన్ను కలచివేసింది గిన్నెల దగ్గర పెట్టిన వంటకాల పేరు కార్డులు. లేత పింక్ అట్ట మీద బంగారు రంగు సన్నటి అక్షరాలు, నేనే డిజైన్ చేశా, చాలా ఇష్టంగా చేశా. ఒక తల్లి ఏడెనిమిదేళ్ళ బాబుని పట్టుకుని ఆ కార్డు దగ్గర ఫోన్ లైట్ వేసి చదవడానికి ప్రయత్నిస్తోంది, బాబుకి జీడిపప్పు పడదట. కార్డు మీద "నట్స్ ఉన్నాయి" అని రాసే ఉంది, కానీ కనపడితేగా. ఆవిడని నేరుగా వంట మాస్టర్ దగ్గరికి తీసుకెళ్ళి ఏవి పెట్టొచ్చో ఆయనచేతే చెప్పించా, బాబు ప్లేట్ వంటింట్లోంచే విడి గరిటెలతో వడ్డించి పంపించాం. తర్వాత తెల్ల కార్డులు, నల్ల మార్కర్ తెప్పించి 13 ఐటమ్స్‌కీ పెద్ద అక్షరాలతో మళ్ళీ రాశాం, ఏవి పాలతో చేసినవి, దేంట్లో నట్స్ ఉన్నాయి అన్నీ. స్టైల్ పేరుతో అక్షరాల్ని అలా సన్నగా చేయడం ఆ రోజుతో మానేశా. మనిషికి హాని చేయగల సమాచారం ఉన్న కార్డు రెండడుగుల దూరం నుంచి కళ్ళజోడు లేని పెద్దమనిషి చదవగలిగితేనే పెడతా.

కుదిరినవి

ఏ లైన్‌లోనూ 12 మందికి మించి నిలబడలేదు. పెద్దవాళ్ళందరి భోజనాలూ 9:20కల్లా అయిపోయాయి, పెదనాన్నగారు రెండోసారి అన్నం పెట్టించుకున్నారని అబ్బాయి పరిగెత్తుకొచ్చి చెప్పాడు. లైట్ల గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు, అది నేను కోరుకున్నదే, "ఏంటివాళ ఫుడ్ చూడ్డానికే బాగుంది" అన్నారు తప్ప లైటు బాగుందనలేదు.

అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది మాత్రం ఆ ఫొటోలు, పూలకంటే చాలా తక్కువ ఖర్చుతో. టేబుల్‌కి ఒకే ఫొటో కాబట్టి మిగతావి చూడ్డానికి జనం లేచి పక్క టేబుళ్ళకి వెళ్ళారు, అక్కడ ఏళ్ళతరబడి మాట్లాడుకోనివాళ్ళు కూడా "ఈ పక్కనున్నది ఎవరు" అని మొదలుపెట్టారు. టేబుల్ మీద ఏది పెట్టినా కూర్చున్నవాళ్ళకి దాని గురించి మాట్లాడుకోవడానికి ఏముంటుంది అని ఇప్పుడు అడుగుతున్నా, ఈ ప్రశ్న నాకు అంతకుముందు తట్టలేదు.

ఒకటి మాత్రం నా ప్లాన్‌లో లేనిది జరిగింది. భోజనాలు మొదలవగానే ఆయన స్టేజ్ మీద కుర్చీలోంచి లేచి, మెల్లగా మోకాళ్ళు పట్టుకుంటూ దిగి, ఆవిడ చెయ్యి పట్టుకుని తన అన్నదమ్ములున్న టేబుల్ దగ్గరికి వెళ్ళిపోయారు. అక్కడ ఎనిమిది కుర్చీలూ నిండి ఉన్నాయి, ఎవరో గబగబా ఇంకో రెండు కుర్చీలు తెచ్చి ఇరికించారు, దాదాపు 40 నిమిషాలు అక్కడే కూర్చుని తిన్నారు. స్టేజ్ ఖాళీ, వెనక పూలన్నీ అలాగే ఉన్నాయి. ఫొటోగ్రాఫర్ వచ్చి వాళ్ళని పైకి పిలవమంటారా అని అడిగితే పెద్దమ్మాయే వద్దంది. "అందరూ కూర్చుని తినాలమ్మా" అన్నప్పుడు ఆయన తనని కూడా కలుపుకునే అన్నారని నాకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఏ ఫంక్షన్ ప్లాన్ గీసినా భోజనాల టేబుళ్ళలో ఒకదాని దగ్గర, ఎవరి పేరూ రాయకుండా, రెండు కుర్చీలు ఖాళీగా గీస్తున్నా.